ప్రో కబడ్డీ రైడర్: ఎంపిక, శిక్షణ

కబడ్డీలో ప్రత్యర్థి కోర్టులోకి ఒంటరిగా కూతకు వెళ్ళి, అవతలి ఆటగాళ్ళను తాకి తిరిగి వచ్చి పాయింట్లు తెచ్చే ఆటగాడిని రైడర్ అంటారు. జట్టు సాధించే పాయింట్లలో పెద్ద వాటా రైడర్లదే. అందుకే ప్రో కబడ్డీ లీగ్‌లోని వృత్తి జట్లు తమ డబ్బులోనూ, ప్రణాళికలోనూ రైడర్ల ఎంపికకు అధిక ప్రాధాన్యం ఇస్తాయి. రైడర్లను జట్లు ఎలా వెతుకుతాయి, ఏ నిబంధనల కింద తీసుకుంటాయి, ఎలా తీర్చిదిద్దుతాయి అన్న విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది. విశాఖపట్నం కేంద్రంగా మొదలైన తెలుగు టైటాన్స్‌ను, ఆ నగరానికి ఎగువన ఉన్న అరకు–పాడేరు గిరిజన ప్రాంతాన్ని ప్రధాన ఉదాహరణలుగా తీసుకుంటుంది.

నిర్వచనం, పరిధి

కబడ్డీ జట్టులో ఏడుగురు మ్యాటుపై ఉంటారు. వారిలో సాధారణంగా ఇద్దరు లేక ముగ్గురు ప్రధానంగా కూతకు వెళ్ళేవారు, మిగిలినవారు పట్టుపట్టే డిఫెండర్లు. రెండు పనులూ చేయగలవారు ఆల్‌రౌండర్లు. పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉంటుంది. ఆట 20 నిమిషాల చొప్పున రెండు భాగాలుగా సాగుతుంది. ఒక్కో రైడ్‌కు 30 సెకన్ల గడువు.

జట్టులో ఎక్కువ కూతలకు వెళ్ళే ఆటగాడిని లీడ్ రైడర్ లేదా ప్రధాన రైడర్ అంటారు. అతను పట్టుబడితే ప్రత్యర్థికి పాయింటు దక్కుతుంది. పైగా, సహచరులు పాయింటు తెచ్చి అతణ్ణి తిరిగి బతికించేదాకా అతను కోర్టు బయటే కూర్చోవాలి. ఈ నిబంధన వల్ల ప్రధాన రైడర్ ఎంత సమర్థుడో, అతను లేని వేళ ఆ భారం మోసే రెండో రైడర్ ఎంత సమర్థుడో రెండూ ముఖ్యమవుతాయి.

చరిత్ర

చెడుగుడు పేరుతో తెలుగు పల్లెల్లో తరతరాలుగా ఆడుతున్న ఈ ఆటకు 20వ శతాబ్దం తొలి దశకాల్లో మహారాష్ట్రలో లిఖిత నియమాలు ఏర్పడ్డాయి. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ సందర్భంగా అదే రాష్ట్రంలోని అమరావతికి చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక్ మండల్ కబడ్డీని ప్రదర్శించింది. 1950లో అఖిల భారత సమాఖ్య ఏర్పడింది. 1970వ దశకం తొలినాళ్ళలో భారత అమెచ్యూర్ కబడ్డీ సమాఖ్య దేశంలో ఆట నిర్వహణ బాధ్యత తీసుకుంది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ప్రదర్శన క్రీడగా ఆడిన కబడ్డీ, 1990 బీజింగ్ క్రీడల్లో పతకాల క్రీడ అయింది. మహిళల విభాగం 2010 గ్వాంగ్‌జౌలో చేరింది.

ఈ కాలమంతా ఆటగాడికి జీవనాధారం ఉద్యోగమే. రైల్వేలు, సర్వీసెస్, పోలీసు శాఖ, ప్రభుత్వ రంగ సంస్థలు క్రీడాకోటాలో కొలువిచ్చి తమ జట్లలో ఆడించుకునేవి. ఒక జట్టు రైడర్‌ను సంపాదించడమంటే అతనికి ఉద్యోగం ఇవ్వడమే.

2014 జులైలో ప్రో కబడ్డీ లీగ్ ఎనిమిది జట్లతో మొదలవడంతో ఈ పద్ధతికి వేలం తోడైంది. ఆ ఏడాది మేలో ముంబయిలో జరిగిన తొలి వేలంలో అత్యధిక ధర రాకేశ్ కుమార్‌కు పలికింది. పట్నా పైరేట్స్ అతణ్ణి 12.80 లక్షల రూపాయలకు తీసుకుంది. దాని తర్వాతి ధర తెలుగు టైటాన్స్ దీపక్ నివాస్ హుడాకు చెల్లించిన 12.60 లక్షలు. 2017లో ఐదో సీజన్‌కు జట్లు 12 అయ్యాయి. 2018 వేలంలో తొలిసారి కోటి రూపాయల హద్దు దాటింది. రైడర్ మోనూ గోయత్‌ను హర్యానా స్టీలర్స్ 1.51 కోట్లకు కొన్నది. 2023 అక్టోబరు వేలంలో రైడర్ పవన్ సెహ్రావత్‌కు తెలుగు టైటాన్స్ 2.605 కోట్లు చెల్లించింది. తొమ్మిదేళ్ళలో గరిష్ఠ ధర సుమారు 20 రెట్లు పెరిగింది.

రైడర్ పని, నైపుణ్యాలు

రైడర్ మధ్య గీత దాటి కబడ్డీ, కబడ్డీ అని కూత పెడుతూ వెళ్ళి కనీసం అవతలి సగంలోని బాక్ లైన్ దాటాలి. లేదా ఎవరినైనా తాకాలి. అవతల ఆరుగురు లేక అంతకన్నా ఎక్కువ మంది డిఫెండర్లు ఉన్నప్పుడు బోనస్ గీత దాటి, వెనుక కాలు గాలిలో ఉంచగలిగితే అదనపు పాయింటు దక్కుతుంది. ఒకే రైడ్‌లో మూడు లేక అంతకు మించి పాయింట్లు తెస్తే దాన్ని సూపర్ రైడ్ అంటారు. ఒక మ్యాచ్‌లో పది రైడ్ పాయింట్లు చేస్తే సూపర్ 10.

వరుసగా రెండు కూతలు పాయింటు లేకుండా ముగిస్తే మూడోది డూ ఆర్ డై రైడ్ అవుతుంది. ఆ 30 సెకన్లలో జరిగేదాన్ని బట్టి రైడర్ స్థాయిని అంచనా వేస్తారు. పాయింటు తేకపోతే తాను అవుట్ అని అతనికి తెలుసు, అవతలి వాళ్ళకూ తెలుసు. డిఫెండర్లు ముందుకు రాకుండా వెనక్కి తగ్గి, గొలుసుగా చేతులు పట్టుకుని కాచుకుంటారు. తొలి పదిహేను సెకన్లు రైడర్ పక్కలకు కదులుతూ మూల డిఫెండరు బరువు ఏ కాలిపై ఉందో చూస్తాడు. గడువు దగ్గరపడినకొద్దీ లోపలికి జరుగుతాడు. తాకిన క్షణానికే వెనుదిరిగే దారి ముందుగా చూసుకుని ఉండాలి. ఇలాంటి రైడ్లకే ప్రత్యేకంగా ఒక ఆటగాణ్ణి తీసుకునే జట్లూ ఉన్నాయి.

రైడర్ నైపుణ్యాలను స్థూలంగా ఇలా విభజిస్తారు.

*తాకే నైపుణ్యాలు:* చేతి స్పర్శ, పరుగెడుతూ చేసే చేతి స్పర్శ, కాలి వేలి స్పర్శ, వెనక్కి తన్నడం. పరుగులో చేతితో తాకడంలో నవీన్ కుమార్ పేరుపొందాడు.

*తప్పించుకునే నైపుణ్యాలు:* గొలుసు కింద నుంచి వంగి దూరిపోయే డుబ్కీ, డిఫెండరు మీదుగా దూకే కప్ప గెంతు, పట్టులోంచి మెలితిరిగి బయటపడటం. డుబ్కీకి పర్‌దీప్ నర్వాల్ పెట్టింది పేరు. 2017 సీజన్‌లో అతను 369 రైడ్ పాయింట్లు చేశాడు.

*బలంతో ఆడే పద్ధతి:* పట్టుబడిన తర్వాత కూడా డిఫెండర్లను లాక్కుంటూ మధ్య గీతకు చేరడం. సిద్ధార్థ్ దేశాయ్ ఈ కోవకు చెందినవాడు.

*ఆట తీరు తెలిసి నడుచుకోవడం:* స్కోరు, మిగిలిన సమయం, అవతల ఎందరున్నారన్నది చూసుకుని ఎప్పుడు సాహసించాలో, ఎప్పుడు ఖాళీగా తిరిగి రావాలో నిర్ణయించడం. అవతల ముగ్గురు లేక అంతకు తక్కువ మంది ఉన్నప్పుడు పట్టుబడితే ప్రత్యర్థికి సూపర్ ట్యాకిల్ కింద రెండు పాయింట్లు వెళ్తాయి. ప్రత్యర్థి జట్టంతా అవుటైతే ఆలౌట్ కింద రెండు అదనపు పాయింట్లు వస్తాయి.

జట్లు రైడర్లను తీసుకునే మార్గాలు

*అట్టిపెట్టుకోవడం.* సీజన్ ముగిశాక ప్రతి జట్టు కొందరిని తన దగ్గరే ఉంచుకోవచ్చు. అనుభవజ్ఞులకు ఎలైట్ రిటైన్డ్, ఎదుగుతున్నవారికి రిటైన్డ్ యంగ్, అంతకు ముందే కొత్తవారిగా చేరినవారికి ఎగ్జిస్టింగ్ న్యూ యంగ్ ప్లేయర్ అన్న మూడు వర్గాలున్నాయి. 2025లో 12వ సీజన్‌కు ముందు అన్ని జట్లూ కలిసి 83 మందిని అట్టిపెట్టుకున్నాయి. వీరిలో ఎలైట్ వర్గంలో 25 మంది, రిటైన్డ్ యంగ్‌లో 23 మంది, కొత్త యువ ఆటగాళ్ళ వర్గంలో 35 మంది ఉన్నారు. అనుభవజ్ఞుల కన్నా యువకులనే జట్లు ఎక్కువగా కాపాడుకున్నాయని ఈ అంకెలు చూపుతాయి.

*వేలం.* మిగిలినవారు ఎ, బి, సి, డి వర్గాల్లో వేలానికి వస్తారు. ఇటీవలి సీజన్లలో కనీస ధరలు వరుసగా 30, 20, 13, 9 లక్షలు. ఒక్కో జట్టు మొత్తం ఆటగాళ్ళపై పెట్టగల ఖర్చుకు 5 కోట్ల పరిమితి ఉంది. అట్టిపెట్టుకున్నవారి జీతాలు కూడా ఇందులోనే లెక్క. జట్టులో 18 నుంచి 25 మంది ఉండాలి. కాబట్టి ఒకరికి రెండు కోట్లు ఇచ్చిన జట్టు మిగతా 17 మందిని మిగిలిన సొమ్ములోనే సర్దుకోవాలి.

*ఫైనల్ బిడ్ మ్యాచ్.* వేలంలో తమ పాత ఆటగాడికి పలికిన చివరి ధరను తామే చెల్లిస్తామని పాత జట్టు అడిగే హక్కు ఇది. ఒక్కో జట్టుకు పరిమిత సంఖ్యలోనే ఈ అవకాశం ఉంటుంది. 2024 ఆగస్టు వేలంలో పవన్ సెహ్రావత్‌ను తెలుగు టైటాన్స్ ఈ పద్ధతిలోనే 1.725 కోట్లకు తిరిగి తీసుకుంది.

*కొత్త యువ ఆటగాళ్ళు.* వేలానికి వెలుపల, నిర్ణీత పారితోషికంపై, ఒకటి కన్నా ఎక్కువ సీజన్లకు ఒప్పందం చేసుకుని తీసుకునే కుర్రాళ్ళు వీరు. తక్కువ ఖర్చులో ప్రధాన రైడర్‌ను తయారుచేసుకునే మార్గం ఇదే. ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడల ఫైనల్‌కు చేరిన జట్ల ఆటగాళ్ళను వేలం జాబితాలో చేర్చే పద్ధతి కూడా వచ్చింది.

ప్రతిభాన్వేషణ

జట్ల కోచ్‌లు, ప్రతిభాన్వేషకులు ప్రధానంగా నాలుగు చోట్ల వెతుకుతారు: జూనియర్, సీనియర్ జాతీయ పోటీలు, విశ్వవిద్యాలయ పోటీలు, శాఖల జట్లు, గ్రామీణ టోర్నమెంట్లు. 2017 నుంచి లీగ్ ఫ్యూచర్ కబడ్డీ హీరోస్ పేరుతో వివిధ నగరాల్లో ఎంపిక శిబిరాలు నడిపింది. 2022లో యువ కబడ్డీ సిరీస్ మొదలయ్యాక వర్ధమాన ఆటగాళ్ళు మ్యాటుపై, కెమెరాల ముందు వరుస మ్యాచ్‌లు ఆడే వీలు కలిగింది. అంతకుముందు ఒకటి రెండు రోజుల శిబిరంలో చూసి నిర్ణయించాల్సి వచ్చేది. ఇప్పుడు ఒకే ఆటగాణ్ణి అనేక మ్యాచ్‌లలో గమనించవచ్చు.

కొత్త రైడర్‌లో మొదట చూసేవి కాళ్ళ వేగం, శరీర సమతౌల్యం, దిశ మార్చే చురుకుదనం. ఆ తర్వాత బరువు, ఎత్తు. సీనియర్ పురుషుల పోటీల్లో 85 కిలోల గరిష్ఠ పరిమితి ఉంది కాబట్టి ఆ లోపల ఎంత కండబలం పెంచవచ్చన్నది అంచనా వేస్తారు. పట్టుబడిన తర్వాతి కూతకు రైడర్ ఎలా వెళ్తున్నాడన్నది కూడా చూస్తారు. వెనుకంజ వేస్తే ఒక లెక్క, తొందరపడితే మరో లెక్క.

శిక్షణ, తీర్చిదిద్దడం

వేలం తర్వాత సీజన్‌కు ముందు శిబిరం మొదలవుతుంది. ఉదయం దేహదార్ఢ్యం, సాయంత్రం మ్యాటుపై నైపుణ్యాలు అన్నది సాధారణ క్రమం. మోకాలు, చీలమండ, భుజం గాయాలు రైడర్లకు ఎక్కువ కాబట్టి ఈ కీళ్ళ చుట్టూ కండరాలను బలపరచడానికి ఫిజియోథెరపిస్టులు ప్రత్యేక వ్యాయామాలు చేయిస్తారు.

మట్టిపై ఆడి పెరిగిన కుర్రాడికి మ్యాటు వేరే అనుభవం. మట్టిపై ఉత్త కాళ్ళతో ఆడేటప్పుడు పాదం కొంత జారుతుంది. ఆ జారుడు వాడుకుని దిశ మార్చడం అలవాటవుతుంది. మ్యాటుపై బూటు గట్టిగా అంటుకుంటుంది. పాత అలవాటుతో ఒక్కసారిగా తిరిగితే మోకాలిపై భారం పడుతుంది. అందువల్ల తొలి వారాల్లో కోచ్‌లు అడుగుల కొలతను, మలుపుల వేగాన్ని మళ్ళీ నేర్పిస్తారు.

వీడియో విశ్లేషణ ఇప్పుడు అన్ని జట్లలోనూ ఉంది. ప్రత్యర్థి కుడి మూల డిఫెండరు కాలు పట్టడానికి వస్తాడా, నడుము పట్టడానికి వస్తాడా, ఎన్నో సెకనులో వస్తాడు అన్నది ముందే చూసి వెళ్తారు. తన పాత రైడ్లను చూసి తప్పులు తెలుసుకోవడం కొత్త రైడర్‌కు రోజువారీ పాఠం.

ఆడించే క్రమంలో మూడు దశలు కనిపిస్తాయి. మొదట సబ్‌స్టిట్యూట్‌గా చివరి నిమిషాల్లో దించుతారు. తర్వాత డూ ఆర్ డై రైడ్లు అప్పగిస్తారు. ఆ పైన రెండో రైడర్‌గా తొలి ఏడుగురిలోకి తీసుకుంటారు. కొందరు ఈ దశలను అతి వేగంగా దాటుతారు. నవీన్ కుమార్ 2018లో యువ ఆటగాడిగా దబంగ్ ఢిల్లీలో చేరి, ఆ తర్వాతి సీజన్‌లోనే లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడిగా నిలిచాడు. పవన్ సెహ్రావత్‌ది నెమ్మదైన దారి. బెంగళూరు బుల్స్‌లో మొదలై, మధ్యలో గుజరాత్‌కు వెళ్ళి, పెద్దగా అవకాశాలు దక్కకుండానే బెంగళూరుకు తిరిగి వచ్చాడు. కోచ్ రణధీర్ సింగ్ అతణ్ణి ప్రధాన రైడర్‌గా నిలిపాడు. 2019 జనవరి 5న జరిగిన ఆరో సీజన్ ఫైనల్లో పవన్ 22 పాయింట్లు చేసి బెంగళూరుకు టైటిల్ తెచ్చాడు. అదే ఏడాది అక్టోబరులో హర్యానాపై ఒకే మ్యాచ్‌లో 39 రైడ్ పాయింట్లు సాధించాడు.

తమిళ్ తలైవాస్ అనుభవం రెండో రైడర్ విలువను చాటుతుంది. 2022లో ఆ జట్టు పవన్‌ను 2.26 కోట్లకు కొన్నది. తొలి మ్యాచ్‌లోనే అతను గాయపడి సీజన్‌కు దూరమయ్యాడు. అప్పటిదాకా లీగ్‌లో ఆడని నరేందర్‌పై భారం పడింది. అతను ఆ సీజన్‌లో 243 రైడ్ పాయింట్లు చేశాడు. జట్టు సెమీఫైనల్‌కు చేరింది.

ఉదాహరణ: తెలుగు టైటాన్స్

వీరా స్పోర్ట్స్ యాజమాన్యంలో 2014లో ఏర్పడిన ఈ జట్టు విశాఖపట్నం, హైదరాబాద్‌లను సొంత గడ్డగా చేసుకుంది. రైడర్ల విషయంలో దాని చరిత్రను మూడు దశలుగా చూడవచ్చు.

*తొలి దశ (2014–2018).* ఉత్తరప్రదేశ్‌కు చెందిన రాహుల్ చౌదరి ఈ దశలో ప్రధాన రైడర్. తొలి ఆరు సీజన్లూ ఒకే జట్టుకు ఆడి తెలుగు ప్రేక్షకులకు దగ్గరయ్యాడు. 2016లో నాలుగో సీజన్‌లో 146 రైడ్ పాయింట్లతో లీగ్‌లో ముందు నిలిచాడు. 2015, 2016 సీజన్లలో జట్టు సెమీఫైనల్స్ ఆడింది. 2018లో అతణ్ణి జట్టు 1.29 కోట్లకు తిరిగి తీసుకుంది.

*రెండో దశ (2019–2023).* ఒకే తారపై పెద్ద మొత్తం పెట్టిన దశ ఇది. 2019లో సిద్ధార్థ్ దేశాయ్‌ను 1.45 కోట్లకు కొన్నారు. అతను ఆ సీజన్‌లో 200కు పైగా రైడ్ పాయింట్లు చేసినా జట్టు 11వ స్థానంలో నిలిచింది. 2021లో అతణ్ణే 1.30 కోట్లకు తిరిగి తీసుకోగా, సీజన్ ఆరంభంలోనే గాయంతో దూరమయ్యాడు. 22 మ్యాచ్‌లలో జట్టు ఒక్కటే గెలిచింది. 2022లో రెండు గెలిచింది. 2023లో పవన్ సెహ్రావత్‌కు చెల్లించిన 2.605 కోట్లు 5 కోట్ల పరిమితిలో సగానికి మించిన మొత్తం. పవన్ 200కు పైగా రైడ్ పాయింట్లు చేసినా జట్టు మళ్ళీ రెండే మ్యాచ్‌లు గెలిచి, వరుసగా మూడోసారి చివరి స్థానంలో నిలిచింది.

*మూడో దశ (2024 నుంచి).* 2022లో దబంగ్ ఢిల్లీని విజేతగా నిలిపిన కోచ్ క్రిషన్ కుమార్ హుడా బాధ్యత తీసుకున్నాడు. 2024లో పవన్ గాయపడినప్పుడు ఆల్‌రౌండర్ విజయ్ మలిక్, రైడర్ ఆశిష్ నర్వాల్ కూత భారాన్ని పంచుకున్నారు. జట్టు 22లో 12 మ్యాచ్‌లు గెలిచింది. 2025లో విజయ్ మలిక్ కెప్టెన్ అయ్యాడు. భరత్ హుడాను 81 లక్షలకు తీసుకున్నారు. ఆ సీజన్ ఆగస్టు 29న విశాఖపట్నంలోని విశ్వనాథ్ స్పోర్ట్స్ క్లబ్‌లో మొదలైంది. తొలి మ్యాచ్‌లో తెలుగు టైటాన్స్, తమిళ్ తలైవాస్ తలపడ్డాయి. టైటాన్స్ రెండో క్వాలిఫయర్ దాకా వెళ్ళి పుణేరి పల్టన్ చేతిలో ఓడింది.

చివరి రెండు దశలనూ పోలిస్తే, భారీ ధర పలికిన ఒక్క రైడర్ కన్నా భారాన్ని పంచుకునే ఇద్దరు ముగ్గురు ఉన్న ఏళ్ళలోనే ఫలితాలు మెరుగ్గా ఉన్నాయని తెలుస్తుంది. యువ ఆటగాళ్ళను సొంతంగా పెంచుకున్న పుణేరి పల్టన్ పదో సీజన్ విజేత కావడం కూడా ఇదే దిశను సూచిస్తుంది. అస్లాం ఇనాందార్, మోహిత్ గోయత్ ఆ జట్టులోనే ఎదిగారు.

తూర్పు కనుమల గిరిజన ప్రాంతం నుంచి దారి

అరకులోయ విశాఖపట్నానికి రోడ్డు మార్గంలో సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి 900 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉంది. ఇది 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో భాగం. బగత, కొండదొర, వాల్మీకి, కోదు, కోటియ, పొర్జ, గదబ, నూకదొర తెగలవారు ఇక్కడ నివసిస్తారు. కబడ్డీకి మ్యాటు గానీ ఖరీదైన పరికరాలు గానీ లేకుండానే మొదలుపెట్టవచ్చు. కోత అయిన పొలం, బడి ఆవరణ సరిపోతాయి. సంక్రాంతి రోజుల్లో గ్రామాల మధ్య వాలీబాల్, కబడ్డీ పోటీలు జరుగుతాయి. యువతను కలుపుకునే కార్యక్రమాల్లో భాగంగా పోలీసు శాఖ కూడా ఏజెన్సీలో ఈ పోటీలు నిర్వహిస్తుంది.

*పాఠశాల దశ.* ప్రతిభ బయటపడే మొదటి చోటు గిరిజన సంక్షేమ ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు, ఏకలవ్య ఆదర్శ గురుకులాలు. పిల్లలు హాస్టల్లోనే ఉంటారు కాబట్టి ఉదయం, సాయంత్రం సాధనకు వేళ దొరుకుతుంది. గూడెం నుంచి మైదానానికి రాకపోకల సమస్య ఉండదు. పాఠశాల క్రీడల సమాఖ్య అండర్–14, 17, 19 విభాగాల్లో మండలం, జిల్లా, రాష్ట్రం, జాతీయ స్థాయి పోటీలు జరుపుతుంది. ఏకలవ్య పాఠశాలలకు వేరుగా జాతీయ క్రీడోత్సవం ఉంది.

*యువ దశ.* పాఠశాల ముగిశాక దారి ఇరుకవుతుంది. జూనియర్ జట్టులోకి వెళ్ళాలంటే రాష్ట్ర సంఘం ఎంపికలకు మైదాన ప్రాంతాలకు దిగి రావాలి. సాధన కొనసాగాలంటే క్రీడా పాఠశాల, కళాశాల జట్టు, ఖేలో ఇండియా కేంద్రం వంటి ఏదో ఒక ఆసరా ఉండాలి. ఖేలో ఇండియాకు ఎంపికైన క్రీడాకారుడికి చేతి ఖర్చుల కింద ఏడాదికి 1.20 లక్షల రూపాయలు అందుతాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023 డిసెంబరు 26 నుంచి 2024 ఫిబ్రవరి 13 వరకు నిర్వహించిన ఆడుదాం ఆంధ్రా పోటీల్లో కబడ్డీ ఒక అంశం. అవి గ్రామ సచివాలయ స్థాయిలో మొదలై విశాఖపట్నంలో ముగిశాయి.

*ప్రత్యేక అంశాలు.* కొండ వాతావరణం శిక్షణపై ప్రభావం చూపుతుంది. డిసెంబరు, జనవరిలలో లంబసింగి, పాడేరు పరిసరాల్లో చలి తీవ్రంగా ఉంటుంది. తెల్లవారుజామున సాధనకు ముందు కండరాలను వేడెక్కించే వ్యాయామం ఎక్కువసేపు చేయించాలి. కాఫీ పండ్ల కోత, వరి నూర్పిళ్ళు ఈ నెలల్లోనే సాగుతాయి కాబట్టి బడి మానేసిన కుర్రాళ్ళు పనుల్లో ఉంటారు. సికిల్ సెల్ రక్తహీనత ఈ తెగల్లో ఉన్న ఆరోగ్య సమస్య. దాని నిర్మూలనకు కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. ఆ జన్యు లక్షణం ఉన్నవారు నీరు సరిగా తాగకుండా తీవ్రంగా శ్రమిస్తే ప్రమాదం కలగవచ్చు. అందువల్ల కఠిన శిక్షణకు ముందు రక్తపరీక్ష, శిక్షణలో తగినంత నీరు, విశ్రాంతి అవసరం. సరైన మాంసకృత్తులు లేని ఆహారంతో రైడర్‌కు కావలసిన కండబలం రాదు కాబట్టి హాస్టల్ భోజనం కూడా శిక్షణలో భాగమే.

ప్రభుత్వ బడి, హాస్టల్, శిక్షకుడు ఒకచోట కుదిరితే ఈ కొండల పిల్లలు ఎంత దూరం వెళ్ళగలరో మరో క్రీడ చూపింది. పాడేరు మండలానికి చెందిన పాంగి కరుణకుమారి విశాఖపట్నంలోని అంధ బాలికల ప్రభుత్వ పాఠశాలలో చదువుతూ క్రికెట్ నేర్చుకుంది. 2025 నవంబరులో కొలంబోలో ముగిసిన అంధ మహిళల తొలి టీ20 ప్రపంచ కప్‌ను గెలిచిన భారత జట్టులో ఆమె సభ్యురాలు.

మహిళల కబడ్డీ

ప్రో కబడ్డీ లీగ్ పురుషులది. 2016లో దానితో పాటు మూడు జట్లతో మహిళల కబడ్డీ ఛాలెంజ్ జరిగింది. హైదరాబాద్‌లో జరిగిన ఫైనల్లో స్టార్మ్ క్వీన్స్ విజేతగా నిలిచింది. ఆ పోటీ తర్వాత ఏటా కొనసాగలేదు. అందువల్ల రైడర్‌గా ఎదిగే అమ్మాయికి ప్రధాన మార్గం ఇప్పటికీ రాష్ట్ర, జాతీయ జట్లు, క్రీడాకోటా ఉద్యోగమే. ఆంధ్రప్రదేశ్ 2024–29 క్రీడా విధానంలో ఉద్యోగాల క్రీడాకోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు, గురుకులాలు గిరిజన బాలికలకు తొలి మైదానాలు.

ఇతర క్రీడలతో పోలిక

అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ స్థానం ప్రధాన రైడర్‌తో పోల్చదగినది. దాడి అంతా అతని నిర్ణయాలపై ఆధారపడుతుంది. అక్కడి ఎన్‌ఎఫ్‌ఎల్ లీగ్ 1936 నుంచి డ్రాఫ్ట్ పద్ధతి పాటిస్తోంది. కళాశాల జట్ల నుంచి వచ్చే ఆటగాళ్ళను ముందటి సీజన్‌లో వెనుకబడిన జట్టు మొదట ఎంచుకుంటుంది. వేలంలో ధర నిర్ణయిస్తే, డ్రాఫ్ట్‌లో వంతు నిర్ణయిస్తుంది. అక్కడి కొత్తవారికి ఎంపిక క్రమాన్ని బట్టి జీతం దాదాపు స్థిరం కాబట్టి, ఆ తొలి నాలుగైదేళ్ళలో మిగిలిన సొమ్మును జట్టు ఇతర స్థానాలపై పెట్టగలదు. ప్రో కబడ్డీలో కొత్త యువ ఆటగాళ్ళ ఒప్పందం ఇలాంటి ప్రయోజనాన్నే చిన్న స్థాయిలో ఇస్తుంది.

తీర్చిదిద్దే పద్ధతిలోనూ పోలిక ఉంది. 2005లో గ్రీన్ బే జట్టు ఎంచుకున్న క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రోజర్స్ మూడేళ్ళు ఆ జట్టు ప్రధాన క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫావ్ర్ వెనుక కూర్చుని నేర్చుకున్నాడు. 2000 డ్రాఫ్ట్‌లో టామ్ బ్రేడీ 199వ ఆటగాడిగా ఎంపికై, తర్వాత ఆ లీగ్ చరిత్రలోనే అత్యధిక టైటిళ్ళు గెలిచిన క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. ప్రధాన తేడా దిగువ వ్యవస్థలో ఉంది. అమెరికాలో కళాశాల క్రీడలే శిక్షణ కేంద్రాలు. భారత్‌లో ఆ పని పల్లె క్లబ్బులు, శాఖల జట్లు, అకాడమీలు పంచుకుంటున్నాయి.

చర్చనీయాంశాలు

*ప్రాంతీయ అసమతుల్యం.* లీగ్‌లోని ప్రముఖ రైడర్లలో హర్యానా, దాని పొరుగు ప్రాంతాలవారే ఎక్కువ. అక్కడ గ్రామ క్లబ్బులు, ఏడాది పొడవునా సాధన, మ్యాటు కోర్టులు స్థిరపడ్డాయి. జట్ల ఎంపికలో సొంత రాష్ట్ర ఆటగాళ్ళకు నిర్ణీత వాటా ఉండాలన్న వాదన ఒకటి. నాణ్యతే ఏకైక కొలమానం కావాలన్నది ప్రతివాదం. అడుగు స్థాయిలో మ్యాట్లు, శిక్షకులు పెరిగితే వాటా అవసరమే రాదన్నది మధ్యేమార్గం.

*వేలం, స్థిరత్వం.* ఏటా వేలం ఉండటం వల్ల జట్టు పెంచిన రైడర్ మరో జట్టుకు వెళ్ళిపోవచ్చు. 2024లో పట్నా తరఫున 300కు పైగా రైడ్ పాయింట్లు చేసిన దేవాంక్ దలాల్‌ను 2025 వేలంలో బెంగాల్ వారియర్స్ 2.205 కోట్లకు తీసుకుంది. ఇది ఆటగాడికి లాభం. పెంచిన జట్టుకు నష్టం.

*ఆటగాడి భద్రత.* రైడర్ ఆటజీవితం చిన్నది. లీగ్ చరిత్రలో అత్యధికంగా 1,801 రైడ్ పాయింట్లు చేసిన పర్‌దీప్ నర్వాల్‌ను 2025 వేలంలో ఏ జట్టూ తీసుకోలేదు. ఆ తర్వాత అతను ఆటకు వీడ్కోలు పలికాడు. అందుకే చదువు, శాఖాపరమైన ఉద్యోగం ఇప్పటికీ ఆటగాళ్ళకు ముఖ్యమైన ఆధారాలు.

ప్రాధాన్యం

రైడర్ ఎంపిక విధానం ఒక జట్టు గెలుపోటములకే పరిమితమైన అంశం కాదు. 5 కోట్ల పరిమితిలో పనిచేసే జట్టుకు తక్కువ ఖర్చులో రైడర్‌ను తయారుచేసుకోవడం ఆర్థిక అవసరం. గ్రామీణ, గిరిజన యువకుడికి అదే దారి జీవనోపాధి. డి వర్గం కనీస ధర 9 లక్షలు కూడా కొండ గ్రామంలోని కుటుంబానికి అనేక ఏళ్ళ ఆదాయానికి సమానం. విశాఖపట్నంలో మ్యాచ్‌లు ఆడే జట్టుకూ, ఆ నగరం నుంచి ఒక్క పూట ప్రయాణ దూరంలో ఉన్న ఆశ్రమ పాఠశాలలకూ మధ్య క్రమం తప్పని ఎంపిక శిబిరాలు, జిల్లాకు కొన్ని మ్యాటు కోర్టులు, పాఠశాల తర్వాత రెండు మూడేళ్ళ సాధనకు ఆసరా ఏర్పడితే రెండు వైపులా అవసరం తీరుతుంది.